అన్ని బండ్లకూ సరిపోయే డబ్బా

సూర్యాపేట,
మార్చి 11, 2012.

మా అక్క ప్రమీలను కట్టుకొని కోదాడకు తీసుకుపోయిన వీరేశం బావకు, బామ్మర్ది సైదులు రాయునది.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా నా నోటి నుంచి "ట్యూనర్" అనే మాట రాగానే కోసేస్తున్నావు. ఉత్తరాన్ని అట్లా కోయలేవు. కోపమొచ్చి చింపినా, అక్క ముక్కలు అతికించి నీకు చదివి వినిపిస్తుంది.

నా దుకాణం ఇక సీటు కవర్లు, అద్దాలు, హారన్లు అమ్ముకునే దుకాణం కాదు బావా. ఫ్యూయల్ ట్యూనర్ ఏజెన్సీ తీసుకున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నావే. అరచేతిలో పట్టే నల్ల డబ్బా. బండికి బిగిస్తే ఇంజన్‌కు ఎప్పుడెంత పెట్రోలు కావాలో అదే చూసుకుంటుంది. మైలేజీ పెరుగుతుంది, పికప్ పెరుగుతుంది. పాత కార్బురేటర్ బండి అయినా, ఇప్పుడొస్తున్న ఇంజెక్షన్ బండి అయినా ఒకటే డబ్బా. హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో మీటింగ్ పెట్టి, టై కట్టుకున్న మనిషి తెర మీద బొమ్మలేసి చూపించాడు. భోజనం కూడా బాగుంది.

సైలెన్సర్ దగ్గర చెవి పెట్టి, కళ్లు మూసుకొని, "దగ్గుతున్నది" అని బండికి జబ్బు చెప్పే కాలం పోయింది. అయినా ఇంటి మనిషివని కోదాడలో బిగించే పని నీకే ఇస్తున్నాను. రెండు డబ్బాలు బస్సు డ్రైవర్ చేత పంపాను. బిగించి, నడిపి, ఒక మంచి మాట చెప్పు. "కోదాడ వీరేశం మేస్త్రి మెచ్చిన ట్యూనర్" అని బోర్డు రాయిస్తాను. ఫోటో కూడా వేయిస్తాను. మీసం దువ్వుకొని దిగు.

నీ మేలు కోరే,
సైదులు.


కోదాడ,
మార్చి 25, 2012.

మూడు పట్నాల ఏజెంటు గారికి (మా ఇంట్లో మాత్రం ఇంకా సైదులు అనే అంటున్నారు),

డబ్బాలు అందాయి. భోజనం బాగుందన్నావు కాబట్టి మీటింగ్‌కు పోయింది పూర్తిగా దండగ కాలేదు.

ఒక డబ్బా నా బండికే బిగించాను. నాది కార్బురేటర్ బండి. రెండు వైర్లు బ్యాటరీకి పోయాయి. మూడోది ఎక్కడ కలపాలని నువ్వు పంపిన కాగితంలో వెతికితే "సరైన చోట" అని ఉంది. కార్బురేటర్‌లో ఆ సరైన చోటు లేదయ్యా. ఇంజన్ గాలి పీలుస్తుంది, ఆ గాలి పోతూ పోతూ జెట్టు రంధ్రంలోంచి పెట్రోలును లాక్కుపోతుంది. ఎక్కువ కావాలన్నా తక్కువ కావాలన్నా జెట్టు మార్చాలి, సూది ఎత్తాలి, స్క్రూ తిప్పాలి. నీ డబ్బా చెప్పే మాట వినడానికి అక్కడ ఎవరున్నారు? తాళం వేసిన ఇంటి ముందు నిలబడి ఓటు అడిగినట్టుంది.

అయినా అన్యాయం చేయకూడదని ట్యాంకు ఖాళీ చేసి, సీసాతో పెట్రోలు కొలిచి పోసుకొని సూర్యాపేట దారి పట్టాను. మునగాల దాటినాక ఒక దాబా ముందు ఆగిపోయింది. మర్నాడు డబ్బా పీకేసి అంతే పెట్రోలుతో పోయాను. అదే దాబా ముందు ఆగింది. దాబా అతను బయటికొచ్చి, "ఏందన్నా, రోజూ మా కాడికొచ్చి బండి ఖరాబ్ చేసుకుంటున్నవ్? చాయ్ కావాల్నంటే అడుగరాదే!" అన్నాడు. డబ్బా ఉన్ననాటికీ లేనినాటికీ తేడా ఒక్కటే. ఉన్ననాడు దాని మీద ఎర్ర లైటు వెలిగింది.

రెండో డబ్బాను మిర్యాలగూడ కంపెనీ వర్క్‌షాపులో పనిచేసే వెంకటనర్సయ్యకు చూపించాను. విప్పి చూసి నవ్వాడు. ఇంజెక్షన్ బండిలో చిన్న కంప్యూటర్ ఉంటుందట. గాలి ఎంత వేడిగా ఉందో వైరు ద్వారా తెలుసుకొని, దాన్నిబట్టి పెట్రోలు చిమ్మిస్తుందట. నీ డబ్బా ఆ వైరు మధ్యలో కూర్చొని "గాలి చాలా వేడిగా ఉంది" అని కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుంది. అది నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది. అదీ నీ మైలేజీ! ఫలానా బండికని సరిచూసి చేసిన ట్యూనర్లు వేరే ఉంటాయట, అవి పనికొస్తాయట. నీది అన్ని బండ్లకూ ఒకే అబద్ధం చెబుతుంది.

నేనైతే ఇంజెక్షన్ బండ్లను ముట్టను. కంప్యూటర్ చెబితే గాని పెట్రోలు తాగలేని బండి బండే కాదు. ఫోటో సంగతి మరిచిపో. మీసం దువ్వాను గాని వేరే పని మీద.

వీరేశం.


సూర్యాపేట,
ఏప్రిల్ 15, 2012.

బావా,

నీ ఉత్తరం చదువుకొని రెండు రోజులు నవ్వాను. మూడో రోజు నుంచి మళ్లీ అమ్ముతున్నాను.

తుంగతుర్తి మేకల వ్యాపారి వెంకన్నకు నీలాగే కార్బురేటర్ బండి. వారం తర్వాత దుకాణానికి వచ్చి నన్ను పట్టుకొని ఊపేశాడు. "సైదులన్నా, బండి గాలిల తేలుతున్నదే! ఇంతకుముందు గిట్ల లేకుండె" అన్నాడు. ఎట్లా నడుపుతున్నావని అడిగాను. ఎర్ర లైటు వెలుగుతున్నదో లేదో చూసుకుంటూ నిదానంగా పోతున్నాడట. నిదానంగా పోతే మైలేజీ వస్తుందా రాదా? ఆయనకు నీ జెట్టు, సూది, స్క్రూ తెలియవు బావా, సంతోషం తెలుసు. నీ షెడ్డు నుంచి ఎవరైనా అంత సంతోషంగా ఇంటికి పోయారా? అందరూ నీ తిట్లు తిని పోయేవాళ్లే.

మిర్యాలగూడలో ప్రచారం కోసం ఒక గవర్నమెంటు ఉద్యోగి బండికి డబ్బా ఊరికే బిగించాను. అది ఇంజెక్షన్ బండి. ఆమె తమ్ముడికి రైల్వేలో ఉద్యోగమొచ్చి వెళ్లిపోతే, ఆ బండి మూలన పడి ఉండకూడదని తనే నేర్చుకొని నడుపుతున్నదట. పశువుల దవాఖానలో అసిస్టెంటు. ఊరూరా తిరిగి గొర్రెలకు, బర్రెలకు టీకాలు వేయాలి. వెనక మందుల పెట్టె కట్టుకొని గుంతల రోడ్డు మీద కూడా నిటారుగా కూర్చొని పోతుంటే, చాయ్ హోటళ్ల ముందు మాటలు ఆగిపోతాయి. అట్లాంటి మనిషి నా ట్యూనర్ వాడుతున్నదని పది ఊళ్లు చూస్తాయి. అదీ వ్యాపారం.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇంజెక్షన్ బండ్లను ముట్టవా, ముట్టలేవా?

సైదులు.


కోదాడ,
ఏప్రిల్ 29, 2012.

బామ్మర్దికి,

నీ ఉత్తరాన్ని మీ అక్క పైకి చదివింది. డబ్బా గురించి చదివేటప్పుడు మామూలుగానే ఉంది. గవర్నమెంటు ఉద్యోగి నిటారుగా కూర్చునే దగ్గరికి వచ్చాక కాగితం పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. "మావోడు ట్యూనర్ బిగియ్యలే, తనే బిగుసుకున్నడు" అన్నది. ఆ పిల్ల పేరు రాయలేదేం? ప్రచారానికి పేరుండాలి కదా.

వెంకన్న సంతోషం గురించి నాకు పేచీ లేదు. ఏమీ చేయని డబ్బా ఏ హానీ చేయదు. ఆయన బండికి తాయెత్తు కట్టినా అంతే సంతోషపడతాడు. ఆ పిల్ల బండి సంగతే వేరు. అక్కడ నీ డబ్బా మాట వినేవాళ్లున్నారు. వచ్చేది మే నెల. గాలే నిప్పులా ఉంటుంది. దాని మీద నువ్వు ఇంకా వేడి అని చెబితే కంప్యూటర్ ఇంజన్‌ను పస్తు పెడుతుంది. ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఎగతాళి కాదు సైదులూ, తీసెయ్.

ఇక నీ ప్రశ్న. ముప్పై ఏళ్లుగా ఈ చేతుల్లో తిరగని ఇంజన్ లేదు. ముట్టను అంటే ముట్టననే. పెద్దవాళ్లను అడిగే ప్రశ్నలు కావు ఇవి.

వీరేశం.


సూర్యాపేట,
జూన్ 9, 2012.

బావా,

ఈసారి నవ్వించడానికి రాయడం లేదు.

ఆమె పేరు శోభ. నువ్వు తీసెయ్ అన్నావు, నేను తీయలేదు. తీస్తే ఆమెను మళ్లీ కలవడానికి సాకు ఉండదని ఆలోచించాను. ఇంత తెలివైనవాణ్ని.

వానలు పడి కొత్త గడ్డి మొలిస్తే, అది మేసిన గొర్రెలకు చిటుక రోగం వస్తుందట. పొద్దున బాగున్న గొర్రె మధ్యాహ్నానికి పడిపోతుందట. అందుకే వానలకు ముందే టీకా వేయాలి. ఆ మందు ఐసులో ఉండాలి. మొన్న శోభ ఐసు పెట్టె కట్టుకొని పెద్దవూర అవతల మందల దగ్గరికి బయలుదేరింది. ఎండ ముదిరేసరికి బండి ఆగింది. కాసేపు చల్లారితే స్టార్టయ్యేది, కొంత దూరం పోయి మళ్లీ ఆగేది. నీడ కూడా లేని రోడ్డు. చివరికి డబ్బాను తనే పీకేసింది. కానీ బిగించేటప్పుడు నేను వైరు కోశాను బావా. కోసిన వైరుతో బండి అసలే కదల్లేదు. గడ్డి ఆటో దొరికి ఆమె మందల దగ్గరికి చేరేసరికి ఐసు నీళ్లయిపోయింది. గొర్రెల కాపరులు పొద్దుటి నుంచి మందలు ఆపుకొని కూర్చున్నారు. వాళ్ల ముందే టీకా మందునంతా మట్టిలో పారబోసింది.

నాకు ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నది: "నీ డబ్బ బిగించినంక బండికి ఏమైందో ఎరుకనా? నిన్ను నమ్మింది." తిట్టినా బాగుండేది.

కొత్త మందు ఇంకా రాలేదు. రాత్రి సూర్యాపేటలో వాన పడింది.

కంపెనీ వర్క్‌షాపుకు పోతే వైరు ఎవడు కోశాడని అడుగుతారు. నా పరువు నీకు తెలుసు, ఉన్నంతలో. బండిని ట్రాలీ ఆటోలో కోదాడకు పంపమని చెప్పాను. మా బావను మించిన మేస్త్రి లేడని చెప్పాను. బాగుచేసి పంపు.

సైదులు.


కోదాడ,
జూన్ 20, 2012.

సైదులుకు,

బండి వచ్చింది. చూశాను. పంపించాను. పని ఒత్తిడి వల్ల ఎక్కువ రాయలేకపోతున్నాను. ఆ పిల్లకు నోరు కాస్త ఎక్కువ.

వీరేశం.


కోదాడ,
జూన్ 21, 2012.

తమ్ముడూ,

మీ బావ ఉత్తరం నిన్న పోస్టులో వేశారు. అది చదివి బండి బాగైందని నువ్వు అనుకుంటావని నేను విడిగా రాస్తున్నాను.

శోభ పొద్దున్నే ట్రాలీ ఆటోలో బండి పక్కనే కూర్చొని వచ్చింది. మీ బావ ఎప్పటిలాగే సైలెన్సర్ దగ్గర చెవి పెట్టి కళ్లు మూసుకున్నారు. బండి నడుస్తుంటే కదా చెవికేమైనా వినపడేది! తర్వాత కోసిన వైరును మెలితిప్పి టేపు చుట్టారు. స్టార్టయింది, కానీ ఎగిరెగిరి పడుతున్నది. అప్పుడు కార్బురేటర్ స్క్రూలా కనిపించినదాన్ని పట్టుకొని తిప్పడం మొదలుపెట్టారు. బండి ఒక్క అరుపు అరిచి చచ్చిపోయింది. మళ్లీ లేవలేదు.

"ఈ ఇంజెక్షన్ బండ్లు ఇంతేనమ్మా, కంపెనీ వాళ్లు మనల్ని తిప్పుకోవడానికి చేసినవి" అన్నారు.

శోభ స్టూలు మీద నుంచి లేవకుండానే అన్నది: "అన్నా, రాదని చెప్పు. నేనేమనుకోను. నాకు గొర్రె రోగం తెల్వకుంటే డాక్టర్ సారుకు ఫోన్ చేస్త. రాకున్నా వచ్చినట్టు చేసే మొగోళ్లను గీ నెలల ఇద్దర్ని సూసిన."

మీ బావ పానా కింద పెట్టి చేతులు కడుక్కోవడానికి పోయారు. చాలాసేపు కడుక్కున్నారు. వెంకటనర్సయ్య నంబరు ఆయన ఫోన్లోనే ఉంది. అడగడానికి నామోషీ. చివరికి నేనే ఆ నంబరు వెతికి శోభకు ఇచ్చాను. మళ్లీ ట్రాలీ ఆటో ఎక్కించుకొని మిర్యాలగూడకు పోయింది. వెంకటనర్సయ్య కోసిన వైరును సరిగ్గా అతికించి, మీ బావ తిప్పిందాన్ని మళ్లీ సరిచేశాడట. సాయంత్రానికి బండి నడిచింది.

పోయేముందు మా ఇంట్లో అన్నం తిన్నది. నీ గురించి అడిగాను. "అబద్ధాలకోరు కాదక్కా. ముందుగాల తనే నమ్ముతడు, తర్వాత మందికి అమ్ముతడు" అన్నది. మంచి మాటో చెడ్డ మాటో నువ్వే తేల్చుకో. నాకైతే ఆ పిల్ల నచ్చింది. నీకు ఆమె ఎక్కువ.

మీ అక్క,
ప్రమీల.


సూర్యాపేట,
ఆగస్టు 19, 2012.

ఏ బండినైనా ముట్టగల, కొన్నింటిని ముట్టి చంపగల బావకు,

అక్క అంతా రాసింది. ఇద్దరం ఒకే బండిని పాడుచేశామని తెలిసి నాకు కొంచెం ఊరటగా ఉంది. ఒంటరిగా తలదించుకోవడం కష్టం.

హైదరాబాద్ టై మనిషి ఫోన్ ఎత్తడం లేదు. నేను అమ్మిన డబ్బాలన్నీ తిరిగి పీకే పనిలో ఉన్నాను. ఇంజెక్షన్ బండ్ల వాళ్లు తిట్టినా పీకనిచ్చారు. వాళ్ల వైర్లను వెంకటనర్సయ్య సరిచేశాడు. కార్బురేటర్ వాళ్లే ఒప్పుకోవడం లేదు! తుంగతుర్తికి పోయి వెంకన్నకు చెప్పాను. "అన్నా, అది నీ బండికి ఏమీ చేయదు, ఉత్త లైటే" అని మొత్తుకున్నాను. ఆయన బండికి అడ్డం నిలబడ్డాడు. "నా మైలేజీ సూసి నీకు కండ్లు మండుతున్నయ్. డబ్బ మీద చెయ్యి వేసినవంటే మంచిగుండదు సైదులూ!" అన్నాడు. నా అబద్ధాన్ని నాకంటే గట్టిగా నమ్మే మనిషి ముందు నిజం చెప్పి తన్నులు తినబోయాను.

తర్వాత పెద్దవూర పోయాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు. కొత్త మందు వచ్చేసరికి అక్కడ వానలు పడి గడ్డి లేచింది. మైసమ్మ అనే గొర్రెల కాపరి మందలో సగం పోయాయి. ఆమె, ఆమె పెద్ద కొడుకు కలిసి చెలకలో గుంతలు తవ్వి పూడ్చారట. నేనెవరో చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గా డబ్బ నువ్వేనా బిగించింది?"

"అవునమ్మా."

"ఇంకున్నయా నీ కాడ?"

"ఉన్నయి."

"అయితే ఒకటి తే బిడ్డా. మిగిలిన గొర్లకు గూడ కట్టు. గడ్డి తినకుంట ఉరుకుతయేమో సూద్దాం."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. నేను చెలక గట్టు మీద కూర్చున్నాను. వెళ్లిపొమ్మంటుందేమో అనుకున్నాను. ఆమె మిగిలిన మందను తోలుకొని పోయింది. ఎగతాళిలో ఇంత బరువుంటుందని నాకు తెలియదు బావా. మనం ఒకరినొకరం చేసుకునేవి ఆటలు.

సైదులు.


కోదాడ,
అక్టోబర్ 28, 2012.

సైదులుకు,

నన్ను ఎగతాళి చేయడానికి ఇక నువ్వు కష్టపడనక్కర్లేదు. ఆ పనికి మనిషి దొరికాడు. ఆదివారం ఆదివారం మిర్యాలగూడ పోయి వెంకటనర్సయ్య దగ్గర ఇంజెక్షన్ పని నేర్చుకుంటున్నాను. నా కొడుకు వయసువాడు. మొదటి రోజే నా చేతికి గుడ్డ ఇచ్చి, "పెద్దాయనా, ముందు చేతులు తుడుచుకో, ఇక్కడ గ్రీజు అంటొద్దు" అన్నాడు. షెడ్డులో నేను అందర్నీ ఎట్లా తిట్టేవాణ్నో నాకు అప్పుడు తెలిసింది.

ఒక బండి తెచ్చారు. విని, "దగ్గుతున్నది" అన్నాను. అతను ఒక యంత్రం తగిలించాడు. దాని మీద అంకె వచ్చింది. ఆ అంకెకు అర్థం పుస్తకంలో చూడమన్నాడు. చూశాను. గాలి వేడి చెప్పే వైరు ఊడిందని ఉంది. వైరు పెట్టాను. దగ్గు ఆగింది. "నీ చెవి తప్పు చెప్పలేదు పెద్దాయనా, అది రోగం పేరు చెప్పదంతే" అన్నాడు. ఆ మాట విన్నాక బస్సులో నిద్రపట్టింది.

మీ అక్క ఊరందరికీ చెబుతున్నది, మా ఆయన బడికి పోతున్నాడని. చెప్పనీ.

శోభ నాకు ఒకసారి వర్క్‌షాపులో కనిపించింది. "అన్నా, నేర్సుకుంటున్నవా? మంచిది. నా బండి మాత్రం ఇంకో ఏడాది నీకియ్య" అన్నది. నీ సంగతి అడిగాను. తిట్టలేదు కాబట్టి రాస్తున్నాను.

వీరేశం.


మిర్యాలగూడ,
మే 26, 2013.

బావకూ అక్కకూ,

ఈ ఉత్తరం మిర్యాలగూడ బస్టాండులో కూర్చొని రాస్తున్నాను. ఏజెన్సీ బోర్డు పీకేసి, సీటు కవర్లు, అద్దాలు, హారన్ల దుకాణానికి తిరిగొచ్చానని మీకు తెలుసు. ఈ ఏడాది టీకాలకు మనుషులు చాలడం లేదని విని, శోభ దగ్గరికి పోయి, "నేనొస్తా, గొర్లను పట్టుకుంట" అన్నాను. ఆమె ఆలోచించింది. "పెట్టె నువ్వు ఒళ్లో పెట్టుకొని వెనక కూసోవాలె. మాట్లాడొద్దు" అన్నది.

రెండు రోజులుగా ఆమె వెనక కూర్చొని, ఐసు పెట్టెను ఒళ్లో పెట్టుకొని, పెద్దవూర చుట్టూ తిరిగాను. చాయ్ హోటళ్ల ముందు మాటలు ఇప్పుడూ ఆగిపోతున్నాయి, కానీ ఈసారి నన్ను చూసి. "ఏమే శోభమ్మా, కొత్త మందా?" అని ఒకాయన అడిగితే, "కాదు, పాత రోగం" అని చెప్పింది. మాట్లాడొద్దన్నది కాబట్టి ఊరుకున్నాను.

గొర్రెను పట్టుకోవడం నాకు రాదు. మొదటిది నన్ను ఈడ్చుకుపోయింది. రెండోది తన్నింది. మైసమ్మ దొడ్డి దగ్గర ఆమె కాసేపు చూసి, వచ్చి నా చేతిని పట్టి గొర్రె మెడ కింద ఎక్కడ పెట్టాలో చూపింది. "గట్టిగ కాదు, గిట్ల" అన్నది. ఆమె మంద ఇంకా సగానికి మించలేదు. రెండు పిల్లలు కొత్తగా పుట్టాయి. వాటికి ఇంకా టీకా వయసు రాలేదట. వాటిని వేరుగా కట్టేసి, మిగిలిన ప్రతి గొర్రెనూ నా దగ్గరికి తనే తోలింది. ఐసు కరగకముందే మందు అయిపోయింది.

పోయేటప్పుడు మైసమ్మ శోభను అడిగింది: "మల్ల వచ్చే ఏడు గూడ గీయన్నే తెస్తవా?"

"ఆయన్నే అడుగు" అన్నది శోభ.

వస్తానని చెప్పాను. మైసమ్మ నమ్మినట్టు కనిపించలేదు. ఏడాది ఆగి చూస్తుంది. ఆమె హక్కు అది.

అక్కా, నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను: శోభ అవునూ అనలేదు, కాదూ అనలేదు. కానీ పెద్దవూర దాటాక బండి ఆపి దిగింది. రెండు రోజులు నడిపి చేతులు నొప్పి పుడుతున్నాయన్నది. ఖాళీ పెట్టెను నా ఒళ్లోంచి తీసుకొని వెనక కూర్చొని, తాళంచెవి నా భుజం మీదుగా ముందుకు చాపింది.

"నడుపు" అన్నది. "జర ఏం బిగియ్యకుండ."

మీ సైదులు.